మామయ్య డాల్డా డబ్బా, మావాడి గిటారు

మొన్న ఆదివారం నా సత్తు టిఫిన్ డబ్బా కనిపించలేదు. వంటింట్లో అరలన్నీ దించి వెతికాను. చివరికి వరండాలో మామయ్యగారి మంచం కింద దొరికింది. పక్కలకి రెండు బెజ్జాలు, మూతకి మూడు. మావాడు తల వంచుకుని "తాతయ్యే వెయ్యమన్నాడమ్మా" అన్నాడు. మామయ్యగారు అటు తిరిగి పడుకున్నారు, నిద్రపోతున్నట్టు.

ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో హాస్టల్ నుంచి వచ్చేసినప్పటి నుంచి మావాడు ఇంట్లో పెద్దగా మాట్లాడటం లేదు. నేను అడగడం, వాడు "ఏం లేదమ్మా" అనడం. సీనియర్ దగ్గర సగం ధరకి కొన్న ఒక ఎలక్ట్రిక్ గిటారూ, దానికో చిన్న స్పీకరు పెట్టే వెంట తెచ్చుకున్నాడు. పొద్దస్తమానం దాంతోనే. అలాంటివాడు ఒకరోజు నా దగ్గరకొచ్చి, "ఓవర్‌డ్రైవ్ పెడల్ కావాలి, కొనాలంటే వేలల్లో ఉంది, నేనే చేసుకుంటా" అన్నాడు. అదేం చేస్తుందిరా అంటే "సౌండుని పాడు చేస్తుంది" అన్నాడు. బాగున్న చప్పుడుని డబ్బు పెట్టి పాడు చేసుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకుందామని నేను చదివినవీ, మామయ్యగారు చెప్పినవీ కలిపి రాస్తున్నాను. మీ ఇంట్లోనూ గిటారు పట్టుకు తిరిగే పిల్లాడో పిల్లో ఉంటే పనికొస్తుంది.

ముందు ఆ పాడవడం అంటే ఏమిటో చూద్దాం. మా జూలూరుపాడులో పెళ్లి మైకు సెట్టు విన్నవాళ్లకి దీన్ని కొత్తగా చెప్పక్కర్లేదు. మైకువాడు వాల్యూము చివరికంటా తిప్పేస్తాడు, పాట బొంగురుపోయి గరగరలాడుతూ రెండూళ్ల అవతలికి వినపడుతుంది. యాంప్లిఫయరుకి ఒక హద్దుంటుంది. శబ్దపు అల దానికన్నా ఎత్తుకి లేవాలని చూస్తే దాని తల అక్కడే అణిగిపోతుంది. మా పాత పెంకుటింటి గుమ్మంలోంచి పొడుగాటి మనిషి వస్తే తల కొట్టుకున్నట్టన్నమాట. అల తల చదునైతే, అసలు తీగలో లేని కొత్త స్వరాలు కొన్ని అందులోంచి పుడతాయి. మనకి బొంగురుగా వినపడేది అదే.

గిటారువాళ్లు దీన్ని కావాలని వెతుక్కోలేదు. దెబ్బ తగిలితే దొరికింది. 1951లో అమెరికాలో ఐక్ టర్నర్ బృందం మెంఫిస్‌కి రికార్డింగుకి వెళ్తుంటే దారిలో వాళ్ల యాంప్లిఫయరు దెబ్బతింది. కారు మీంచి పడిందని కొందరంటారు, వానకి తడిసిందని కొందరంటారు. స్పీకరు కాగితం చిరిగిపోయింది. వెనక్కి వెళ్లే వీల్లేదు. చిరుగులో కాగితాలు కుక్కి అలాగే వాయించారు. ఆ పాట పేరు 'రాకెట్ 88'. ఆ బొంగురు గిటారే దానికి పేరు తెచ్చింది.

1958లో లింక్ రే అనే ఆయన బాగున్న స్పీకరుకే పెన్సిలుతో బెజ్జాలు పొడిచాడు. ఆ చప్పుడుతో చేసిన 'రంబుల్' లో ఒక్క మాట కూడా లేదు, అయినా కుర్రాళ్లు చెడిపోతారని కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వెయ్యలేదట! 1964లో లండన్‌లో డేవ్ డేవిస్ తన చిన్న యాంప్లిఫయరు స్పీకరుని బ్లేడుతో కోశాడు. 'యూ రియల్లీ గాట్ మీ' పాటలో వినపడేది ఆ కోతే. అప్పుడతనికి పదిహేడేళ్లు. మావాడి వయసే. ఆ బ్లేడు సంగతి వాళ్లమ్మకి తెలిసినప్పుడు ఆవిడ ఏమందో మాత్రం నేను చదివిన వాటిలో ఎక్కడా రాయలేదు.

నాకు బాగా నచ్చింది నాష్‌విల్ కథ. మార్టీ రాబిన్స్ పాడిన 'డోంట్ వర్రీ' రికార్డింగులో గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు ఉన్నట్టుండి గుయ్యిమని మోగింది. రికార్డింగు బల్లలో ఒక భాగం పాడైంది. మళ్లీ వాయిద్దామా, ఉంచేద్దామా అని తర్జనభర్జన పడి ఉంచేశారు. 1961లో ఆ పాట వాళ్ల కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఇక అందరూ వచ్చి ఆ చప్పుడే కావాలనడం మొదలుపెట్టారు. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ పాడైన భాగాన్ని నమ్ముకుని కూర్చోలేదు. ట్రాన్సిస్టర్లతో అదే చప్పుడు చేసే చిన్న పెట్టె తయారుచేసి గిబ్సన్ కంపెనీకి ఇచ్చాడు. 1962లో అది 'మాస్ట్రో ఫజ్ టోన్' పేరుతో బజారులోకి వచ్చింది. కాలితో నొక్కితే చప్పుడు పాడవుతుంది, మళ్లీ నొక్కితే బాగవుతుంది. మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ల 'శాటిస్‌ఫాక్షన్' లో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాడు. ఆయన అనుకున్నది అక్కడ తర్వాత బాకాలు పెట్టిద్దామని, గుర్తు కోసం మాత్రమే ఆ పెట్టెతో వాయించాడు. బాకాలు రాలేదు, పాట అలాగే బయటికొచ్చింది, షాపుల్లో పెట్టెలు ఖాళీ అయిపోయాయి.

మరీ గరగరలాడకుండా, వాల్వు యాంప్లిఫయరు వేడెక్కి కాస్త బొంగురుపోయినట్టు మెత్తగా మోగే పెట్టెలు జపానువాళ్లు చేశారు. 1977లో బాస్ కంపెనీ ఓడీ-1, 1979లో ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్. మావాడు చెయ్యాలనుకున్నది ఈ రెండోదాని నకలు. దాని గుండెకాయ 4558 అనే ఎనిమిది కాళ్ల ఐసీ.

ఆ నంబరు వినగానే మామయ్యగారు లేచి కూర్చున్నారు.

మామయ్యగారిది రేడియో రిపేరు షాపు. ఖమ్మంలో ఒక షాపులో పని నేర్చుకుని ఇక్కడికొచ్చి బల్ల వేసుకున్నారు. వాల్వు రేడియోలు, తర్వాత ట్రాన్సిస్టర్లు, ఆ తర్వాత టేపురికార్డర్లు. చుట్టుపక్కల గూడేల నుంచి, తండాల నుంచి రేడియోని తువ్వాల్లో చుట్టుకుని నడిచొచ్చేవాళ్లట. శ్రీరామనవమికి ముందు వారం షాపులో కాలు పెట్టడానికి చోటుండేది కాదని అత్తయ్య చెప్పేది. భద్రాచలం వెళ్లలేనివాళ్లకి కల్యాణం రేడియోలోనే కదా. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. ఆ పుస్తకం ఇప్పటికీ మా ట్రంకు పెట్టెలో ఉంది.

టీవీలొచ్చాయి, సెల్‌ఫోన్లొచ్చాయి, షాపు మూతపడింది. విప్పిన రేడియోలన్నీ ఇంటికొచ్చి అటక మీద చేరాయి. మూడేళ్ల కిందట దసరాకి ఇల్లు దులుపుతూ నేను వాటన్నిటినీ పాత ఇనప సామాన్లవాడికి కిలోల లెక్కన వేసేశాను. మామయ్యగారిని అడగలేదు. ఆయన వచ్చి, ఖాళీ అటక చూసి, ఏమీ అనలేదు. మంచం కిందున్న డాల్డా డబ్బాని మాత్రం ఇంకాస్త లోపలికి నెట్టుకున్నారు. ఒక్క మాటన్నా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ డబ్బా ఇప్పుడు బయటికొచ్చింది. అందులో 4558 ఉంది. మన దగ్గర అసెంబుల్ చేసే యాంప్లిఫయర్లలో బేస్, ట్రెబుల్ బోర్డు మీద ఉండేది అదే ఐసీ అట. ప్రపంచంలో పేరుమోసిన గిటారువాళ్ల కాళ్ల దగ్గరుండేదీ, మన ఊరి టీకొట్టులో పాట మోగించేదీ ఒకటే పురుగు. కొత్తది కొన్నా ఇరవై రూపాయల్లోపే.

దానికన్నా విలువైనవి ఇంకో పొట్లంలో ఉన్నాయి. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దవి, గాజువి. ఓఏ79 జెర్మేనియం డయోడ్లు. బెంగళూరులో 1954లో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ 1960ల్లో జెర్మేనియం సరుకు మనదేశంలోనే చెయ్యడం మొదలుపెట్టాక మన రేడియోల్లో ఇవి బాగా వాడారు. గాలిలో వచ్చే అలలోంచి మాటనీ పాటనీ విడదీసేది ఈ గింజే. పెడల్‌లో దీని పని వేరు. ఒకటి ఇటు మొహం, ఒకటి అటు మొహం పెట్టి కలిపితే, ఐసీ పెంచిన అల తల అణిగేది వీటి దగ్గరే. నేను చెప్పిన పెంకుటింటి గుమ్మం ఇదన్నమాట. సిలికాన్ డయోడైతే గుమ్మం 0.6 ఓల్టుల ఎత్తు, జెర్మేనియందైతే 0.3 దగ్గరే మెల్లగా అడ్డుకోవడం మొదలుపెడుతుంది. అందుకే మెత్తగా మోగుతుందని మామయ్యగారు చెప్పారు. గిటారు సంగతి ఆయనకేమీ తెలియదు, డయోడు సంగతి తెలుసు.

ఆయన చేతులు వణుకుతాయి. సోల్డరింగ్ ఐరన్ పట్టలేరు. మావాడికి చేతులున్నాయి, రంగులు చదవడం రాదు. రెసిస్టర్ల మీద గీతలుంటాయి కదా, పసుపు, ఊదా, ఎరుపు అంటే 4,700 ఓములు. ఆ వరస గుర్తుండటానికి మెకానిక్కులు "బీబీ రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ హ్యాడ్ ఎ వెరీ గుడ్ వైఫ్" అని బట్టీ పడతారట. మంచి భార్య వరసలో చిట్టచివరన వస్తుంది, అదీ తెలుపు రంగుకి గుర్తుగా! నేను వంటింట్లోంచి వింటున్నాను. "కాలు మరీ మొదట్లో వంచకురా, గాజు పగులుద్ది" అంటున్నారు ఆయన. వీడు వంచాడు. ఒకటి పగిలింది. డబ్బాలో ఉన్నవే మూడు. నా గుండె ఆగినంత పనైంది. అటక మీదున్న రేడియోల్లో ఎన్ని గింజలుండేవో అప్పుడు లెక్క వేసుకున్నాను.

"రెండు చాలు లే" అన్నారు మామయ్యగారు. అది వాడితో అన్నారో, నాతో అన్నారో నాకిప్పటికీ తెలియదు.

మొదట ఐస్‌క్రీం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టారు. ఒకటే గుయ్యిమనే రొద. గోడల్లో ఉన్న కరెంటు రొద అంతా అందులోకి వస్తోందట. చుట్టూ లోహం ఉండి, దాన్ని ఎర్త్ తీగకి కలిపితే ఆ రొద లోపలికి రాదు. స్టీలు గిన్నెకి బెజ్జం వెయ్యడం కష్టం, సత్తుకి తేలిక. అలా పోయింది నా టిఫిను. పక్కల రెండు బెజ్జాలు గిటారు తీగ వచ్చేందుకూ వెళ్లేందుకూ, మూత మీద రెండు బిరడాలు, కాలితో నొక్కే స్విచ్చు. లోపల తొమ్మిది ఓల్టుల బ్యాటరీ.

అయ్యాక నన్ను పిలిచారు. స్విచ్చు నొక్కకుండా ఒకసారి మీటాడు, టింగుమంది. నొక్కి మీటాడు. ఆ చప్పుడు నేనెప్పుడో విన్నాను. చిన్నప్పుడు మా ఊళ్లో హరికథ చెప్పడానికి వచ్చిన ఆయన తంబురా గుర్రం మీద తీగ కింద నూలుపోగు జరుపుతూ ఉండేవాడు. దాన్ని జీవ అంటారని మా నాన్న చెప్పాడు. పోగు సరైన చోట పడగానే అప్పటిదాకా టంగుమన్న తీగ నిండుగా ఝుమ్మనేది. శుభ్రంగా మోగే తీగకి కావాలని చిన్న అడ్డు పెట్టి, దానికి జీవ అని పేరు పెట్టినవాళ్లు మన దగ్గర ఎప్పుడో ఉన్నారు. ఈ మాట మావాడితో అంటే తలెత్తి చూశాడు. "హరికథా? వీడియో ఉందా అమ్మా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

మామయ్యగారికి చెవులు సరిగా వినపడవు. స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు. "సెల్లు అయిపోవచ్చిన రేడియోలా ఉంది" అన్నారు. ఆ రేడియోలు బాగు చేయించుకుందామనే జనం తువ్వాల్లో చుట్టుకుని ఆయన దగ్గరకొచ్చింది. ఆయన నవ్వారు. వాడూ నవ్వాడు.

మార్చిలో పరీక్షలున్నాయి. రాస్తానంటున్నాడు, నేను రెట్టించి అడగడం లేదు. రాత్రి తొమ్మిది దాటాక స్విచ్చు నొక్కకూడదని మాత్రం ఒప్పందం. నిన్న సాయంత్రం మామయ్యగారు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు. "అమ్మాయ్, ఇంకో సత్తు డబ్బా ఏమన్నా ఉందా?" అని అడిగారు. పాత సామాన్లవాడి ఫోను నంబరు నా దగ్గరుంది. పొద్దున చేసి చూశాను, రేడియోలు ఎప్పుడో పోయాయన్నాడు. డబ్బా మాత్రం తీసిచ్చాను.