నిదానంగా తిరిగే చక్రం: ఏటి కొలత నుంచి ఆర్డ్వినో దాకా

వంశధార నీళ్ల పంపకం మీద ఆంధ్ర, ఒడిశాల తగవు 2010లో ట్రిబ్యునల్‌కు ఎక్కి, 2017లో తీర్పు దాకా వచ్చింది. ఏ నది పంపకమైనా చివరికి ప్రవాహపు కొలత మీదే నిలబడాలి. వంశధారలోనైనా నాగావళిలోనైనా ఆ కొలతకు పాత పనిముట్టు కప్పుల కరెంట్ మీటర్. నీటి తోపుకు కప్పుల చక్రం తిరుగుతుంది, చుట్ల వేగాన్ని బట్టి నీటి వేగం తెలుస్తుంది. వరదలో దీనితో పేచీ లేదు, చుట్లు బోలెడు. వేసవిలో ఏరు సన్నబడి, చక్రం ఆరు సెకన్లకోసారి తిరిగేటప్పుడే చిక్కంతా. నిమిషానికి పది చుట్లు లెక్కపెడితే ఒక్క చుట్టు అటూఇటూ అయినా పది శాతం తప్పు.

1790లో జర్మనీకి చెందిన వోల్ట్‌మన్ తిరిగే రెక్కలతో ప్రవాహాన్ని కొలిచినప్పుడు, పళ్ల చక్రాల మీద పడిన లెక్కను మీటర్ పైకి తీసి చూడాల్సి వచ్చేది. 1882లో అమెరికాలో ప్రైస్ రూపొందించిన కప్పుల మీటర్ చుట్లను విద్యుత్ సంకేతాలుగా పైకి పంపింది. కొలిచేవాడు చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఒక క్లిక్ దగ్గర స్టాప్‌వాచ్ నొక్కి, మరో క్లిక్ దగ్గరే ఆపేవాడు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. నిర్ణీత కాలంలో చుట్లు లెక్కపెట్టడం పోయి, పూర్తి చుట్లకు పట్టిన కాలాన్ని కొలవడం వచ్చింది. చేతితో నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చినా, అరవై సెకన్ల మీద అది 0.3 శాతమే.

2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్వినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు ఈ పద్ధతిని మార్చలేదు, చేతిని తప్పించింది, అంతే. ఆర్డ్వినోల్లో ఒకటైన ఊనో బోర్డులోని 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 64తో భాగిస్తే ఒక్కో టిక్కు 4 మైక్రోసెకన్లు. ఆరు సెకన్ల చుట్టులో 15 లక్షల టిక్కులు. 16 బిట్ల టైమర్ 65,536 దగ్గర నిండి మళ్లీ సున్నాకు వస్తుంది కనుక, ఎన్నిసార్లు నిండిందో కూడా ప్రోగ్రాం లెక్కపెట్టాలి. ఇంత సూక్ష్మమైన టిక్కు ఉంటే స్టాప్‌వాచ్ ఎందుకని అడగవచ్చు. కానీ ఆ బోర్డులో గడియారం నడిపేది సిరామిక్ రెజొనేటర్. అది అర శాతం దాకా తప్పవచ్చు. క్వార్ట్జ్ స్టాప్‌వాచ్ పట్టుకున్న ఓపికగలవాడు దాన్ని ఓడించినా ఆశ్చర్యం లేదు! క్వార్ట్జ్ స్ఫటికం వేస్తే ఆ లోపం తీరుతుంది.

చక్రానికి సంకేతమిచ్చే అయస్కాంతాలు నాలుగైదు అతికిస్తే చుట్టు పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదన్నది మరో వాదన. నిజమే, కానీ వాటి మధ్య దూరాలు సమానంగా లేకపోతే ఒకే వేగంలో నాలుగైదు వేగాలు కనిపిస్తాయి. మళ్లీ పూర్తి చుట్టుకే రావాలి. మైక్రోకంట్రోలర్ నిజంగా గెలిచేది వేరే చోట: రాత్రింబవళ్లు చుట్టు చుట్టునూ విడిగా రాసుకోగలగడంలో.

బేరింగు రాపిడికి చక్రమే ఆగిపోయేంత మందకొడి నీటిలో మాత్రం ఏ చిప్పూ ఏమీ చేయలేదు. మీటర్‌కు బోర్డు తగిలించాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు ముందు బేరింగు శుభ్రం చేసి, తెలిసిన వేగంతో నిశ్చలమైన నీటిలో మీటర్‌ను లాగి రేటింగ్‌ను, అంటే చుట్లకూ నీటి వేగానికీ ఉన్న లెక్కను, సరిచూసుకోవాలి. ప్రోగ్రాం సంగతి ఆ తర్వాత.