బౌహౌస్ నేతశాల: స్త్రీవిద్యా చరిత్రలో ఒక యధ్యాయము

వస్త్రములకు రంగులను రూపులను కల్పించుట, అక్షరములను చిత్రములను కూర్చి ముద్రణకు సిద్ధపఱచుట, ఉడుపులను రూపొందించుట, ఇవి యన్నియు నేడు విశ్వవిద్యాలయములలో పట్టములిచ్చు విద్యలైనవి. మన యిండ్ల బాలికలును బాలురును వీనికై ప్రవేశపరీక్షలు వ్రాయుచున్నారు. అయినను వీనిని గూర్చి మన గృహములలో రెండు తప్పు తలంపులు ఇంకను తొలగిపోలేదు. ఇది చదువు కాదు, చేతిపని యనునది మొదటిది. ఇది ఆడవారి పని గనుక తేలికయైనది యనునది రెండవది. ఈ తలంపులు మనకు మాత్రమే చెందినవి కావు. ఐరోపాలో ఈ విద్యకు పునాది వేసిన పాఠశాలలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన దానియందే ఇవి పాదుకొని యుండెను. ఆ వృత్తాంతమును చదువరులకు విన్నవింప దలచితిమి.

1919 వ సంవత్సరము జర్మనీ దేశమున స్త్రీలకు శుభసంవత్సరము. ఆ యేటి జనవరిలో వారు తొలిసారి దేశసభ యెన్నికలలో వోటు వేసిరి. ఏప్రిలు నెలలో వైమారు నగరమున వాల్టరు గ్రోపియస్ అను వాస్తుశిల్పి బౌహౌస్ అను విద్యాలయమును స్థాపించెను. చిత్రకారుడును చేతిపనివాడును వేఱు జాతులు కారనియు, కళాభ్యాసము కర్మశాలలో మొదలు కావలెననియు ఆతని మతము. సత్ప్రవర్తన గలవా రెవరైనను, వయసుగాని స్త్రీపురుష భేదముగాని చూడక చేర్చుకొనబడుదురని ప్రకటన వెలువడెను.

ఆ మాట నమ్మి స్త్రీలు వచ్చిరి. మొదటి విద్యాకాలమున చేరినవారిలో స్త్రీలు 84 మంది, పురుషులు 79 మంది. తలుపు తెఱచినవారే ఆ సంఖ్యను చూచి బెదరిరి. స్త్రీలు హెచ్చైనచో విద్యాలయమునకు గౌరవము తగ్గునని తలచి, 1920 లోనే గ్రోపియస్ వారి ప్రవేశమును కఠినతరము చేయవలెనని ఆచార్యసభకు సూచించెను. స్త్రీలకు ప్రత్యేక తరగతి యొకటి యేర్పడి నేతశాలలో కలిసిపోయెను. వడ్రంగము, లోహపుపని, గృహనిర్మాణము వంటివి పురుషులకు తగినవనియు, మగ్గము స్త్రీలకు చాలుననియు వాడుక కుదిరెను. చట్టమున సమత్వమును, ఆచారమున వేర్పాటును ఒక్క కప్పుక్రింద కాపురము చేసినవి. 1922 లో చేరిన ఆనీ ఆల్బర్సు రంగుటద్దముల పని నేర్వగోరెను; ఆమెకు లభించినది నేతశాలయే.

ఆ నేతశాలలో సాంకేతిక శిక్షణము చాలకుండెను. పైన నియమింపబడిన గ్యోర్గ్ మూఖె చిత్రకారుడు. మగ్గపు మర్మములు ఆతనికి పరిచితములు కావు. అప్పుడు గుంటా స్టోల్జెల్ అను విద్యార్థిని తానే గురువును వెదకికొని పోయెను. 1922 లో ఆమెయు, ఆమె సహాధ్యాయిని బెనీటా ఓట్టెయు నేతపనికి పేరుపడిన క్రేఫెల్డు పట్టణమునకు పోయి అద్దకము నేర్చిరి. 1924 లో మరల పోయి పట్టు నేతలోని మెలకువలను గ్రహించిరి. తిరిగి వచ్చి తాము నేర్చినది తోడివారికి నేర్పిరి. ఇట్లు ఆచార్యులు చూపని త్రోవను విద్యార్థినులే వేసికొనిరి.

1925 లో విద్యాలయము దెస్సావు నగరమునకు తరలెను. 1927 లో స్టోల్జెల్ నేతశాలకు అధిపతి యయ్యెను. అప్పటికి అచ్చటి ఆచార్యపదవులలో స్త్రీ ఆమె యొక్కతెయే. గోడకు వ్రేలాడదీయు అందపు బట్టతో తృప్తిపడక, నిత్యోపయోగమునకు వలయు వస్త్రముల వైపు ఆమె శాలను మరలించెను. పడుగు పేకల యల్లిక, అద్దకము, నూలు గుణములు, లెక్కలు, అన్నియు క్రమబద్ధమైన పాఠములైనవి. ఈ పాఠముల ఫల మెట్టిదో ఒక్క యుదాహరణము చాలును. బెర్నావులోని కార్మిక విద్యాలయపు సభామందిరమునకై ఆనీ ఆల్బర్సు ఒక గోడబట్టను నేసెను. దాని ముందరి పార్శ్వమున సెల్లోఫేను పోగులు వెలుగును ప్రతిఫలింపజేయును. వెనుకటి పార్శ్వమున మెత్తని నూలు ప్రతిధ్వనిని మ్రింగివేయును. 1930 లో ఆమె పట్టము పొందుటకు ఈ వస్త్రమే ఆధారము. ఇది తీరిక వేళల కుట్టుపని యగునా? శాస్త్రము కాదని యెవరు చెప్పగలరు? ఆ కాలముననే బెర్లినులోని యొక సంస్థ బౌహౌస్ వస్త్రములను నేయించి విక్రయింప మొదలిడెను. స్త్రీలను దాచి యుంచిన గది విద్యాలయమునకు ఆదాయమును పేరును తెచ్చెను.

తరువాతి కథ దుఃఖకరము. యూదుని వివాహమాడిన స్టోల్జెల్ జాతిద్వేషులకు కంటగింపై 1931 లో పదవిని విడువవలసి వచ్చెను. స్విట్జర్లాండున చేనేత శాలను పెట్టుకొని జీవించెను. 1933 లో నాజీల యొత్తిడిచే బౌహౌస్ మూతపడెను. ఆనీ ఆల్బర్సు ఆ యేడే అమెరికా చేరెను. 1949 లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల ఆమె నేతకే ప్రత్యేక ప్రదర్శన మేర్పఱచెను. చెవుడు గలిగియు తన నేతకు పేటెంటు పొందిన ఓటీ బెర్గరు, జబ్బుపడిన తల్లిని చూడ స్వదేశమునకు మరలి, 1944 లో ఆష్విట్జు వధశాలలో హతురాలయ్యెను.

నేతశాలకు నెట్టబడుటచేతనే గదా వీరికి కీర్తి కలిగినది, ఆ నిర్బంధము మేలే చేసినదని కొందఱనవచ్చును. మే మిందుకు సమ్మతింపము. బండక్రింది విత్తనము ప్రక్కనుండి మొలకెత్తినచో ఆ ఘనత విత్తనముది, బండది కాదు. లోహశాలలో చేరగలిగిన మరియానె బ్రాంట్ చేసిన తేనీటి పాత్రలు, దీపములు నేటికిని కొనియాడబడుచున్నవి. తక్కిన తలుపులు మూయబడకున్నచో ఇట్టివా రెందఱుండెడివారో యెవరు లెక్కింపగలరు?

ఈ విద్య మన దేశమునకును వచ్చినది. 1958 లో చార్లెసు, రే ఈమ్సు దంపతులు భారత ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో మన యిండ్లలోని చెంబును మేలైన రూపకల్పనకు ఉదాహరణముగా చూపిరి. ఆ నివేదిక ననుసరించి 1961 లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పన సంస్థ వెలసెను. ఢిల్లీలో 1986 లో పుట్టిన జాతీయ ఫ్యాషను విద్యాసంస్థకు హైదరాబాదున 1995 లో శాఖ యేర్పడెను. తలుపులు తెఱచియే యున్నవి. కాని తెఱచిన తలుపు వెనుక మఱియొక తలుపు మూసియుండవచ్చునని వైమారు కథ హెచ్చరించుచున్నది.

ఆ రెండవ తలుపు తఱచుగా మన యింటిలోనే యుండును. కూతురు వస్త్రరూపకల్పన చదువుదునన్నచో "పెండ్లి వఱకు కాలక్షేపము" అని యొప్పుకొనుటయు, కొడుకు అదే కోరినచో "ఆడపని" యని వారించుటయు ఒక్క దోషమునకే రెండు ముఖములు. మగ్గమునకు ఆడ మగ లేదు. మన సాలెవారి యిండ్లలో భార్య నూలు చుట్టి యాసు పోయగా భర్త నేయును. ఆ బట్ట యిరువురిది. బిడ్డ చేతికి ఏ పని యబ్బునో, మనస్సు దేనియందు లగ్నమగునో యరసి, దాని ననుసరించి చదువు చెప్పింపుడు. ఏ పనిని చేపట్టినను దానిని శాస్త్రముగా నేర్వుమని చెప్పుడు.