ఉప్పునీటి అక్వేరియంలో రాళ్లు పేర్చడం: వాకాడు తీరంలో తెలుసుకోవాల్సిన విషయాలు

వాకాడు మండలంలోనే తూపిలిపాలెం బీచ్ ఉంది. 2022 ఏప్రిల్‌లో మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, జనం నోట ఇది ఇప్పటికీ నెల్లూరు తీరమే. సముద్రం ఇంత దగ్గర్లో ఉంది కాబట్టి, ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే వాళ్లకు మొదట వచ్చే ఆలోచన ఒకటే. నీళ్లు సముద్రంలోవి, రాళ్లు ఒడ్డున దొరికేవి, ఇక ఖర్చేముంది అని. కానీ ఈ రెండూ నేరుగా తెచ్చి వాడేవి కావు. ముఖ్యంగా రాళ్ల విషయంలో మొదటిరోజు చేసిన తప్పును తర్వాత దిద్దడం చాలా కష్టం. నీళ్లు, చేపలు, ఇసుక అన్నీ చేరాక రాయి కదపాలంటే ట్యాంకు మొత్తం కలచాల్సి వస్తుంది. చట్టానికి విరుద్ధమైన రాయి అయితే జైలు దాకా కూడా పోవచ్చు.

రాయి చేసే పని

ట్యాంకులో రాయి అందం కోసమే కాదు, అసలు వడపోత అదే. రొయ్యల చెరువు చేసే కుటుంబాలకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మేత మిగిలినా, చేప విసర్జించినా నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకోరకం నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ చేపలకు విషం. నైట్రేట్ అంత ప్రమాదం కాదు. ఈ బ్యాక్టీరియాకు అంటుకుని బతకడానికి చోటు కావాలి. చిన్న చిన్న రంధ్రాలున్న సున్నపు రాయి ఆ చోటు ఇస్తుంది. రాయి లోపలి పొరల్లో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ వేరే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి బయటికి పంపుతుంది.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ జీవమున్న రాళ్లు, సముద్రపు నీళ్లు, గాలి బుడగలు మాత్రమే వాడి ట్యాంకులు నడిపే తన పద్ధతిని ప్రచురించారు. తర్వాత జర్మనీలో అదే ఆలోచనకు నురగతో మలినాలు తీసే ప్రోటీన్ స్కిమ్మర్ తోడై, బెర్లిన్ పద్ధతిగా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు ఇళ్లలో నడిచే ఉప్పునీటి ట్యాంకులకు చాలావరకు మూలం అదే.

వాడకూడని రాళ్లు

అన్నిటికంటే ముందు పగడపు రాయి. భారతదేశంలో పగడపు దిబ్బలు ముఖ్యంగా నాలుగు చోట్ల ఉన్నాయి: మన్నార్ గల్ఫ్, కచ్ గల్ఫ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద 2001లో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాన్ని, ఆర్గన్ పైప్ పగడాన్ని, ఫైర్ కోరల్‌ను, సీ ఫ్యాన్‌లను మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. పట్టుబడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష పడే నేరం. చచ్చి తెల్లబడిన పగడపు ముక్కకు కూడా ఇది వర్తిస్తుంది. అంగడివాడు "పాత సరుకే, ఏం కాదు" అన్నంత మాత్రాన కొన్నవాళ్లకు బాధ్యత తప్పదు.

గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చేవాళ్లు అక్కడి అక్వేరియం షాపుల్లో పగడాలు చూసి ముచ్చటపడి తెచ్చే ఆలోచన చేస్తుంటారు. గట్టి పగడాలు అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. అనుమతి కాగితాలు లేకుండా దేశాలు దాటించకూడదు. సూట్‌కేసులో చిన్న ముక్క పెట్టుకున్నా విమానాశ్రయంలో ఇబ్బందే.

ఈ కఠినత్వానికి కారణం ఉంది. తమిళనాడులో తూత్తుకుడి, రామేశ్వరం మధ్య మన్నార్ గల్ఫ్‌లో 21 దీవులు ఉండేవి. సున్నం కోసం, కట్టడాల కోసం ఏళ్ల తరబడి పగడపు రాళ్లు తవ్వుకుపోయారు. వాటిలో రెండు దీవులు, పూవరసన్‌పట్టి, విలంగుచల్లి, నీళ్ల కిందికి పోయాయి. అలల దెబ్బ కాచే గోడ పోతే వెనక ఉన్న నేల నిలవదు.

ఇక మన చుట్టుపక్కల దొరికే రాళ్లు. గ్రానైట్ నీళ్లను పాడు చేయదు కానీ దానికి రంధ్రాలు లేవు, వడపోతకు పనికిరాదు. పైగా చాలా బరువు. గూడూరు వైపు దొరికే అభ్రకం రాళ్లు పొరలు పొరలుగా ఊడిపోతాయి. తుప్పు చారలున్న రాయి, లోహపు మెరుపున్న రాయి అసలే వద్దు. రాగి కాస్త కలిసినా రొయ్యలు, నత్తలు బతకవు. కోట, చిల్లకూరు మండలాల సిలికా ఇసుక గాజు తయారీకి పేరుపొందింది. ట్యాంకులో అది హాని చేయదు గానీ, సున్నపు ఇసుకలాగా నీటి క్షారతను నిలబెట్టలేదు.

వాడదగిన రాళ్లు

భూమి మీద గనుల్లోంచి తీసిన రంధ్రాల సున్నపు రాయి, సిరామిక్‌తో చేసిన రాయి, సిమెంటు కలిపి పోతపోసిన కృత్రిమ రాయి అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. వీటిని డ్రై రాక్ అంటారు. సున్నపు రాయి అవునా కాదా అని ఇంట్లోనే చూడొచ్చు. రాయి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేస్తే బుసబుసా పొంగాలి. సిమెంటు రాయి అయితే కొన్ని వారాలు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండాలి. లేకపోతే ట్యాంకులో పీహెచ్ బాగా పెరిగిపోతుంది.

బరువు లెక్క

4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 255 లీటర్లు పడతాయి. నీళ్లు, గాజు, ఇసుక, రాళ్లు కలిపితే 300 కిలోలు దాటుతుంది. అందుకే స్టాండు గట్టిగా, నేల సమంగా ఉండాలి. పిల్లలు పరుగెత్తే దారిలో పెట్టకూడదు.

పూర్వం గాలనుకు ఒక పౌండు రాయి అనే లెక్క ఉండేది. దాని ప్రకారం ఈ ట్యాంకుకు 30 కిలోలు కావాలి. ఇప్పుడు 15 నుంచి 20 కిలోలతో సరిపెడుతున్నారు. రాళ్లు తగ్గితే నీళ్లు బాగా తిరుగుతాయి, చేపలకు ఈదే చోటు ఉంటుంది.

పేర్చే పద్ధతి

ముందు బయటే పేర్చి చూసుకోవాలి. ట్యాంకు అడుగు కొలతకు అట్ట ముక్క కత్తిరించి, నేలమీద పరిచి, దాని మీద రాళ్లు అమర్చాలి. నచ్చాక ఫోటో తీసుకుంటే లోపల పెట్టేటప్పుడు తేలిక.

1. అడుగు రాళ్లు నేరుగా అడుగు గాజు మీద, లేదా పలుచని ప్లాస్టిక్ జాలీ మీద కూర్చోవాలి. ఇసుక ఆ తర్వాతే పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, గోబీ చేపలు, పిస్టల్ రొయ్యలు కింద తవ్వుతాయి. రాయి ఒరిగి గాజుకు తగిలితే ట్యాంకు పగులుతుంది.

2. పెద్దవి, చదునైనవి కిందికి, తేలికవి పైకి. ప్రతి రాయి కింది రాళ్లకు కనీసం మూడు చోట్ల ఆనాలి. చేత్తో నెట్టి చూస్తే కదలకూడదు. నీళ్లలో రాయి బరువు తగ్గుతుంది కాబట్టి, బయట గట్టిగా నిలిచింది కూడా లోపల మోటారు ధారకు కదలవచ్చు.

3. అతికించడానికి అక్వేరియం ఎపాక్సీ, జెల్ సూపర్ గ్లూ, ప్లాస్టిక్ టైలు, యాక్రిలిక్ కడ్డీలు వాడాలి. ఇనుప తీగ, రాగి తీగ వాడకూడదు.

4. నాలుగు గాజులకూ రాళ్లకూ మధ్య 3 అంగుళాల ఖాళీ వదలాలి. చెయ్యి, తుడిచే మాగ్నెట్ పట్టాలి. ఎత్తు ట్యాంకు ఎత్తులో మూడింట రెండు వంతులు దాటకుండా ఉంటే మంచిది.

5. గుహకు రెండు దారులు పెట్టాలి. ఒకటే దారి ఉంటే, బలమైన చేప బలహీనమైన దాన్ని లోపలే నిర్బంధిస్తుంది. ఒక పెద్ద గుట్ట కంటే మధ్యలో ఖాళీ ఉన్న రెండు చిన్న గుట్టలు పోట్లాటలు తగ్గిస్తాయి.

6. రాళ్లను వెనక గాజుకు ఆనించి గోడలా కట్టకూడదు. వెనక నీళ్లు కదలక మురికి పేరుకుంటుంది. మోటార్లు గంటకు ట్యాంకు నీళ్లను 10 నుంచి 20 సార్లు తిప్పాలి. ఈ ట్యాంకుకైతే గంటకు సుమారు 2,500 నుంచి 5,000 లీటర్లు.

నీళ్లు, ఓపిక

ట్యాంకుకు ఉప్పుశాతం 35 పీపీటీ దగ్గర స్థిరంగా ఉండాలి. వనామీ రొయ్యలాగా తక్కువ ఉప్పుకు అలవాటు పడే చేపలు ఇవి కావు. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, స్వర్ణముఖి పారితే తీరం దగ్గర ఉప్పు పడిపోతుంది. చెరువుల నీళ్లూ కాలవల మీదుగా సముద్రంలోకే చేరతాయి. వాటితో తెల్లమచ్చల వైరస్ వస్తే ట్యాంకులోని రొయ్యలు, పీతలకూ సోకుతుంది. అందుకని శుద్ధి చేసిన ఆర్‌వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే భద్రం. ఆవిరైన నీళ్ల బదులు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

డ్రై రాక్‌లో బ్యాక్టీరియా పుట్టి పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించే దాకా ఒక్క చేపను కూడా వేయకూడదు. పిల్లలు తొందరపెడతారు, అయినా ఆగాలి. మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు మేలు. వీటిని హేచరీలో పెంచే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. సముద్రంలో పట్టిన వాటికంటే ఇవి ట్యాంకు బతుకుకు అలవాటు పడి ఉంటాయి.

కరెంటు పోయినప్పుడు

తుపాను రోజుల్లో కరెంటు గంటల తరబడి పోతుంది. మోటారు ఆగితే రాళ్లలోని బ్యాక్టీరియాకూ, చేపలకూ ఆక్సిజన్ అందదు. వేడి నీళ్లలో ఆక్సిజన్ ఇంకా తక్కువ నిలుస్తుంది కాబట్టి ఎండాకాలంలో ప్రమాదం ఎక్కువ. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లకు జనరేటర్ సిద్ధంగా ఉంచుకున్నట్టే, ట్యాంకు దగ్గర బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి ఉండాలి. కరెంటు వచ్చేదాకా మేత వేయకూడదు.

పగడాలు లేకపోయినా, సరిగ్గా పేర్చిన రాళ్ల మీద కొన్ని నెలల్లో ఊదారంగు సున్నపు నాచు పాకుతుంది. ఆ రంగు పరుచుకుంటోందంటే రాళ్లు పని మొదలుపెట్టాయని, నీళ్లు నిలకడకు వచ్చాయని లెక్క.