అరగంటలో ఉడకని బఠాణీలు

స్విట్జర్లాండ్ 1877లో చేసిన ఫ్యాక్టరీ చట్టం అనగానే రెండు సంగతులు చెబుతారు. పనిదినం 11 గంటలు మించకూడదు. 14 ఏళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. అదే చట్టంలో ఆడవాళ్ల గురించి రాసిన చోట ఇంకో చిన్న నిబంధన ఉంది. ఇల్లు చూసుకోవాల్సిన ఆడమనిషిని మధ్యాహ్నం విరామానికి అరగంట ముందే పంపించెయ్యాలి. విరామమే గంటన్నర ఉంటే అక్కర్లేదు, అంతకన్నా తక్కువైతే మాత్రం తప్పదు.

ఆ అరగంట దేనికో విడమరిచి చెప్పక్కర్లేదు. మిల్లులోంచి ఇంటికి పరుగెత్తి, పొయ్యి రాజేసి, మొగుడూ పిల్లలూ వచ్చేసరికి ఏదో ఒకటి వండిపెట్టడానికి. చట్టం రాసిన పెద్దమనుషులకు దయ ఉంది గానీ, వాళ్లెవరూ ఎప్పుడూ గరిటె పట్టినట్టు లేరు. కట్టెల పొయ్యి మీద అరగంటలో ఏం ఉడుకుతుంది? బంగాళదుంపలు ఉడికితే ఉడుకుతాయి. చికోరీ కాఫీ కాగుతుంది. ఎండు బఠాణీలు మాత్రం ఉడకవు. రాత్రి నానబోయడం మరిచిపోతే ఇక ఆ పూటకి వాటి మాట ఎత్తక్కర్లేదు.

బఠాణీల గురించే ఎందుకంటే, ఉత్తర యూరప్ పల్లెల్లో కడుపు నింపే సూపంటే తరతరాలుగా అదే. మనకు సూపంటే హోటల్లో భోజనానికి ముందు కప్పులో తెచ్చే కార్న్‌ఫ్లోర్ నీళ్లు. అసలు తిండి తర్వాత వస్తుంది. అక్కడి పేదింట్లో తర్వాత వచ్చేదేమీ లేదు. ఒక పెద్ద కుండలో ఎండు బఠాణీలో, చిక్కుడు గింజలో పోసి, దుంపలూ ఉల్లిపాయలూ వేసి, దొరికిన రోజున పంది కొవ్వు ముక్క ఒకటి తగిలించి, గరిటె నిలబడేంత చిక్కగా ఉడికిస్తే ఇంటిల్లిపాదికీ అదే భోజనం. తేలికైన వంటే. కాకపోతే రెండు కావాలి: పొయ్యిలోకి కట్టెలు, పొయ్యి దగ్గర ఒక మనిషి. అదీ ఒక పూటంతా.

ఇవాళ సూపర్‌మార్కెట్ అరల్లో కనిపించే సూపు పొట్లాల వెనక ఉన్న కథ రుచిది కాదు, ఈ రెండింటిది. ఆ పొయ్యి దగ్గర మనిషిని ఎలా తప్పించాలా అని ఒకరూ, కట్టెల ఖర్చు ఎలా తగ్గించాలా అని ఇంకొకరూ బుర్ర బద్దలు కొట్టుకున్నారు.

వాళ్లందరిలోకీ వింతమనిషి బెంజమిన్ థామ్సన్. 1753లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టాడు. స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల పక్షం చేరాడు. తర్వాత బవేరియా పాలకుడి కొలువులో కుదిరి కౌంట్ రంఫర్డ్ అనే బిరుదు కొట్టాడు. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి అనేది పదార్థం కాదు, చలనమేనని వాదించిన భౌతికశాస్త్రవేత్త కూడా ఇతనే. 1790 జనవరి 1న సైనికుల్నీ, ఊరి అధికారుల్నీ వెంటేసుకుని మ్యూనిక్ వీధుల్లో కనబడ్డ బిచ్చగాడినల్లా పట్టించాడు. అందరినీ ఒక పని కేంద్రానికి చేర్చి, సైనికుల యూనిఫాంలు తయారుచేయించాడు. పని చెప్పినవాడు తిండి పెట్టాలి కదా. ఖర్చు తక్కువ కావాలి, కడుపు నిండాలి. రంఫర్డ్ సూపు అలా పుట్టింది.

దాని తయారీని అతను ప్రయోగశాల పద్ధతిలో రాసిపెట్టాడు. మొదట నీళ్లలో పొట్టు తీసిన బార్లీ వేసి మరగనివ్వాలి. తర్వాత బఠాణీలు వేసి, సన్నటి సెగ మీద రెండు గంటలు. ఆపైన చెక్కు తీసిన బంగాళదుంపలు వేసి ఇంకో గంట. చెక్క గరిటెతో కలుపుతూనే ఉండాలి, దుంపా గింజా తేడా తెలియకుండా కలిసిపోవాలి. దించే ముందు ఉప్పు, వెనిగర్. వడ్డించేటప్పుడు పైన ఎండు రొట్టె ముక్కలు. ఆ రొట్టెను ముందే వేసి నాననివ్వకూడదని గట్టిగా చెప్పాడు. నమలాల్సి వస్తే తింటున్నామన్న తృప్తి ఇంకాసేపు ఉంటుందట. మనిషికి ఒకటింబావు పౌను, అంటే సుమారు 570 గ్రాములు. బంగాళదుంపలంటే మ్యూనిక్ జనానికి అప్పట్లో ఏవగింపు. అందుకని మొదట్లో వాటిని ఎవరి కంటా పడకుండా ఉడికించి, ఆనవాలు దొరక్కుండా మెదిపి కలిపించాడు. కొన్నాళ్లకు జనం వాటిని అడిగి మరీ తినడం మొదలుపెట్టారు.

ఇక్కడ రంఫర్డ్ ఒక తప్పు లెక్క కూడా కట్టాడు. అంత కొద్ది గింజలతో అంతమంది కడుపు నిండుతోందంటే, సూపులోని నీళ్లే ఆహారంగా మారుతున్నాయని నమ్మాడు. నీళ్లు పొట్ట నింపుతాయి గానీ బలం ఇవ్వవు. ఆ పొరపాటు సరదాగా కొట్టిపారేసేది కాదు. 1847లో ఐర్లాండ్ కరువులో లండన్ రిఫార్మ్ క్లబ్ వంటగాడు అలెక్సిస్ సోయర్ డబ్లిన్‌లో 300 గ్యాలన్ల బాయిలర్ పెట్టి సూపు పంచాడు. గంట కొడితే వందమంది లోపలికి రావాలి, గొలుసు కట్టిన చెంచాతో తాగాలి, వెళ్లిపోవాలి. అతని ఒక వంటకంలో రెండు గ్యాలన్ల నీళ్లకు పావు పౌను మాంసం. దాని బలం ఎంతని అప్పుడే డాక్టర్లు నిలదీశారు. దానం చేసేవాడు లెక్కగట్టే సూపు ఎప్పుడూ నీళ్ల వైపే మొగ్గుతుంది.

కానీ రంఫర్డ్ పొయ్యి విషయంలో మాత్రం తప్పు పట్టలేం. మంట బయటికి పోకుండా ఇటుకలతో మూసి, ఒక్కో గిన్నె కింద ఒక్కో చిన్న పొయ్యి కట్టించి కట్టెలు మిగిల్చాడు. మిగలనిది ఒకటే, టైము. ఆ మూడు గంటలూ అలాగే ఉన్నాయి.

టైము తగ్గించే పని సైన్యాలూ ఓడలూ ఎత్తుకున్నాయి. మాంసాన్నీ ఎముకల్నీ రోజంతా కాచి, జిగురు బిళ్లల్లా ఎండబెట్టిన సూపు 18వ శతాబ్దంలోనే బ్రిటిష్ నౌకాదళంలో ఉంది. కెప్టెన్ కుక్ 1768లో ఎండెవర్ ఓడలో దాన్ని పట్టుకెళ్లాడు. అమెరికా పడమటి తీరానికి దారి వెతుక్కుంటూ వెళ్లిన లూయిస్, క్లార్క్‌ల బృందం 1803లో ఫిలడెల్ఫియాలో 193 పౌన్లు కొనుక్కుంది. 1805 సెప్టెంబరులో మంచుకొండల్లో తిండి దొరక్క దాన్ని నీళ్లలో కరిగించుకు తాగారు. అయిష్టంగానే. అదే రోజుల్లో ఒక గుర్రప్పిల్లను కోసుకు తిన్నారంటే ఆ సూపు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

మళ్లీ బఠాణీల దగ్గరికి రావడానికి ప్రష్యా సైన్యం కావలసి వచ్చింది. 1867లో బెర్లిన్ వంటగాడు యోహాన్ హైన్‌రిష్ గ్రూనెబర్గ్ బఠాణీ పిండిలో కొవ్వు, పంది మాంసం, ఉల్లి, ఉప్పు, మసాలాలు దట్టించి సాసేజ్ ఆకారంలో చుట్టాడు. పేరు ఎర్బ్స్‌వుర్స్ట్. ఒక బిళ్ల కోసి, చన్నీళ్లలో చిదిపి, పొయ్యి మీద పెడితే కొద్ది నిమిషాల్లో చిక్కటి సూపు. ప్రభుత్వం తయారీ పద్ధతిని కొనేసింది. 1870-71 ఫ్రాన్స్ యుద్ధంలో జర్మన్ సైనికుల సంచుల్లో అదే. మూడు గంటలు ఎలా మాయమయ్యాయంటే, గింజ గింజగా ఉంటే నీళ్లు లోపలికి ఇంకి, లోని పిండి మెత్తబడటానికి గంటలు పడుతుంది. ముందే వేడి తగిలించి పొడి కొట్టేస్తే ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో పొయ్యి మీద జరగాల్సినది ఫ్యాక్టరీలోనే ముందుగా జరిగిపోయిందన్నమాట.

ఇప్పుడు స్విట్జర్లాండ్ ఆడవాళ్ల అరగంట. ఆ చట్టం అమలు చూడ్డానికి 1878లో నియమించిన తొలి ఫెడరల్ ఇన్‌స్పెక్టర్లలో ఫ్రిడోలిన్ షూలర్ ఒకడు. గ్లారుస్ లోయలో డాక్టరు. మిల్లు మనుషుల ఇళ్లు ఎరిగినవాడు కాబట్టి వాళ్లేం తింటున్నారో కళ్లారా చూశాడు. బంగాళదుంపలు, కాఫీ, చవక సారాయి. మాంసం కొనే స్తోమత లేదు. పప్పుధాన్యాల్లో మాంసకృత్తులున్నాయి, ధర కూడా తక్కువ, కానీ ఉడికించే టైము ఎవరికీ లేదు. 1882లో స్విస్ ప్రజాహిత సంఘం ముందు అతను ఈ గోడు వెళ్లబోసుకున్నాడు. త్వరగా ఉడికే పప్పు పిండి చేసేవాళ్లు కావాలన్నాడు. ముందుకొచ్చినవాడు కెంప్తాల్ అనే ఊళ్లో పిండి మిల్లు నడిపే జూలియస్ మాగీ. ఇటలీ నుంచి వలస వచ్చిన తండ్రికి 1846లో పుట్టినవాడు. రైళ్లలో విదేశీ ధాన్యం చవగ్గా దిగుతూ స్విస్ మిల్లుల్ని ముంచేస్తున్న కాలమది. అతనికీ కొత్త సరుకు అవసరమే.

1884లో పిండి తయారైంది. డాక్టరుకు నచ్చింది, సంఘానికి నచ్చింది. కార్మికులకే నచ్చలేదు. వాసన బాగాలేదు, మంచిదని చెప్పి పెట్టే తిండిలా ఉంది. మాగీ గొప్పతనమంతా ఆ తర్వాత చేసిన పనిలో ఉంది. పోషణ గురించి ఉపన్యాసాలు ఆపి, రుచి మీద పడ్డాడు. 1886లో ఉప్పూ మసాలా అన్నీ కలిపిన బఠాణీ సూపు, చిక్కుడు గింజల సూపు పొట్లాలు వచ్చాయి. అదే ఏడు గోధుమరంగు సీసాలో మాగీ మసాలా ద్రవం కూడా. అమ్మకానికి మాటలు కావాలి కదా, ప్రకటనల విభాగంలోకి 22 ఏళ్ల కుర్రాణ్ని తీసుకున్నాడు. పేరు ఫ్రాంక్ వెడెకింట్. సూపు పొడి మీద పద్యాలూ పిట్టకథలూ రాసి, కొన్ని నెలలకే విసిగి వదిలేశాడు. తర్వాత ‘స్ప్రింగ్ అవేకెనింగ్’ నాటకంతో యూరప్ నాటకరంగాన్ని కుదిపేసింది ఈ కుర్రాడే. సూపు పొట్లాలు లేకపోతే అతని జీతం ఎవరిచ్చేవాళ్లో!

1908లో మాగీ సూపు బిళ్లలు వచ్చాయి, 1912లో మనిషి పోయాడు, 1947లో కంపెనీ నెస్లేలో కలిసింది. మన ఇళ్లలోకి ఆ పేరు 1980ల్లో రెండు నిమిషాల నూడుల్స్‌గా వచ్చింది. మనకు ఆ పసుపు పొట్లం పిల్లల చిరుతిండి. మొదట ఉద్దేశించింది మాత్రం మిల్లు నుంచి పరుగెత్తుకొచ్చే తల్లులకు.

అమెరికాలో ఇదే చిక్కును ఇంకో దారిలో విప్పారు. జాన్ డోరన్స్ అనే కెమిస్టు జర్మనీలో డాక్టరేట్ చేసి, 1897లో న్యూజెర్సీలోని క్యాంప్‌బెల్ కంపెనీలో వారానికి ఏడున్నర డాలర్ల జీతానికి చేరాడు. డబ్బా సూపులో సగం నీళ్లేనని, రైలు కిరాయి ఆ నీళ్లకే కడుతున్నామని గమనించి నీళ్లు సగం తీసేశాడు. డబ్బా ధర 10 సెంట్లకు దిగింది. ఇంట్లో ఒక డబ్బా సూపుకి ఒక డబ్బా నీళ్లు కలిపి వేడి చేసుకుంటే సరి. పెద్ద వ్యాపారం, పెద్ద ఆస్తి. కానీ నా లెక్కలో టమాటా సూపు డబ్బా ఒక కుటుంబానికి భోజనం కాదు. దాని పక్కన ఇంకేదో ఉండాలి. బఠాణీ సూపు పక్కన ఏమీ అక్కర్లేదు.

విచిత్రం ఏమిటంటే, ఈ చిక్కుకి విరుగుడు వీళ్లందరికన్నా ముందే ఉంది. ఫ్రెంచివాడు డెనిస్ పాపెన్ 1679లో లండన్ రాయల్ సొసైటీకి ఒక పాత్ర చూపించాడు. మూత బిగించి ఆవిరిని లోపలే అణిచిపెట్టే పాత్ర. పేలిపోకుండా దానికి వాల్వు కూడా అతనే పెట్టాడు. 1682లో సొసైటీ సభ్యులు కొందరు అందులో వండిన భోజనం చేశారు. ఎముకలు చీజ్‌లా మెత్తబడ్డాయనీ, అందుకు 8 ఔన్సుల బొగ్గు కూడా పట్టలేదనీ జాన్ ఎవెలిన్ డైరీలో రాసుకున్నాడు. అయినా ఆ పాత్ర ఇళ్లలోకి రావడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. మనదేశంలో 1959 ప్రాంతాల్లో కుక్కర్ల తయారీ మొదలైంది. పప్పు లేనిదే పూట గడవని తెలుగింట్లో అది తిష్ట వేసుకుంది. పైగా మన కందిపప్పు పొట్టు తీసి బద్దలు చేసింది, త్వరగా ఉడుకుతుంది. అందుకే మనకు పప్పు పొట్లంలో కొనుక్కునే అవసరం పెద్దగా పడలేదు.

కుక్కరుంటే రంఫర్డ్ మూడు గంటల సూపు ముప్పావుగంటలో దిగుతుంది. నలుగురికి పావు కిలో బఠాణీ పప్పు కడిగి అరగంట నానబెట్టండి. కుక్కర్లో రెండు చెంచాల వెన్నో నూనో వేసి ఒక పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక క్యారట్ తరుగు మెత్తబడేదాకా మగ్గనివ్వండి. రెండు బంగాళదుంపల ముక్కలు, ఒక బిర్యానీ ఆకు, నానిన పప్పు, లీటరుంబావు నీళ్లు పొయ్యండి. కుక్కరు సగానికి మించకూడదు. బఠాణీ పప్పు విపరీతంగా నురుగు కడుతుంది, అది వెళ్లి వాల్వులో అడ్డుపడుతుంది. పెద్ద మంట మీద ఒక విజిల్ రాగానే సెగ తగ్గించి పదిహేను నిమిషాలు. ఆవిరి దానంతట అదే పోయాక ఆకు తీసేసి, పప్పుగుత్తితో ఎనపండి. మిక్సీ వద్దు, జిగురవుతుంది. అక్కడక్కడా దుంప ముక్క తగలాలి. మిరియాల పొడి దండిగా వెయ్యండి.

పులుపు ఆఖర్న. పప్పు ఉడక్కముందు చింతపండు వేస్తే ఎంతకీ ఉడకదని మన ఇళ్లలో ఎవరైనా చెబుతారు. రంఫర్డ్ వెనిగర్ చివర్లో పొయ్యమన్నదీ అలాగే పనికొచ్చింది. ఒక నిమ్మచెక్క చాలు. రొట్టె ముక్కలు నేతిలో ఎర్రగా వేయించి పక్కన పెట్టుకుని, ఎవరి గిన్నెలో వాళ్లు వేసుకోండి. మిగిలితే ఫ్రిజ్‌లో పొద్దుటికల్లా గట్టిగా పేరుకుంటుంది. కంగారు పడి పారబొయ్యకండి, మరిగిన నీళ్లు గ్లాసుడు పోసి కలిపి వేడి చేస్తే మళ్లీ సూపే. లేదంటే గట్టిగానే ఉంచి, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టి చపాతీల్లోకి వాడుకోండి.