ఓడల దారిలో ఒక దీవి: సెయింట్ హెలీనా

సెయింట్ హెలీనా అనగానే పాఠశాలలో చరిత్ర చదివిన వారికి జ్ఞాపకం వచ్చేది నెపోలియన్ పేరు ఒక్కటే. 1815 అక్టోబరులో ఆ చక్రవర్తిని ఇంగ్లీషువారు బందీగా అక్కడకు చేర్చినారు; లాంగ్‌వుడ్ అనే ఇంట కాపలాలో ఉంచినారు; 1821 మే 5వ తేదీన ఆయన అక్కడనే కన్నుమూసినాడు. పాఠ్యపుస్తకం అంతటితో పుట తిప్పుతుంది. కాని ఆ దీవికి ఐదువందల ఏళ్ళ కథ ఉన్నది. అందులో ఈ ఐదారేళ్ళు పోగా మిగిలినదానిని అడిగేవారు తక్కువ. అందుచేత ఈ ప్రసంగంలో నెపోలియన్‌ను ఆయన సమాధి వద్దనే విడిచి ముందుకు సాగుతాము. సమాధి అన్నామే గాని అది ఖాళీది. 1840లోనే భౌతికావశేషాలను పారిస్ నగరానికి తరలించినారు. ఆ ఇల్లూ, ఆ ఖాళీ సమాధి ఉన్న లోయా 1858 నుండి ఫ్రాన్సు దేశపు ఆస్తి.

దేశపటంలో ఆ దీవిని వెదకి పట్టుకోవడం సులభం కాదు. ఆఫ్రికా పడమటి తీరానికి 1,200 మైళ్ళ దూరాన, భూమధ్యరేఖకు దిగువన పదహారవ అక్షాంశం దగ్గర, దక్షిణ అట్లాంటిక్ నడుమ అది ఒక చుక్క. ఇరుగుపొరుగు అనదగిన నేల అసెన్షన్ ద్వీపం. అది కూడ సుమారు 800 మైళ్ళ దూరంలో ఉన్నది. పొడవు పది మైళ్ళు, వెడల్పు ఐదు, వైశాల్యం 47 చదరపు మైళ్ళు. ఏనాడో చల్లారిన అగ్నిపర్వతం సముద్రంపైకి లేచి ఏర్పడిన నేల కనుక చుట్టూ నిలువు కొండచరియలే. ఓడ మీదనుండి చూచేవారికి బోడికొండ. పైకెక్కి లోపలికి పోతే పచ్చిక, మంచు, చెట్లంత ఎదిగిన ఫెర్న్ మొక్కలు. ఆగ్నేయ వ్యాపార పవనాలు ఏడాది పొడవునా వీచడం వల్ల ఉష్ణమండలంలో ఉండి కూడ అక్కడ ఎండ వేధించదు. ముఖ్యపట్టణమైన జేమ్స్‌టౌన్ రెండు కొండల నడుమ ఇరుకు లోయలో ఒదిగి ఉన్నది. పక్క కొండమీది కోటకు వెళ్ళాలంటే 699 మెట్లు ఎక్కవలసి ఉంటుంది.

మనిషి అడుగుపెట్టని ఆ దీవిని 1502లో పోర్చుగీసు నావికుడు జొవావ్ ద నోవా చూచినాడు. ఆయన వస్తున్నది మన దేశం నుండి. సుగంధద్రవ్యాలకై వచ్చి తిరిగిపోతున్న ఆ నావికాదళానికి మంచినీటితో, నీడతో కనిపించిన ఆ నేల వరప్రసాదమే అయినది. నాటినుండి మూడువందల అరవై ఏళ్ళకు పైగా ఆ దీవి బ్రతుకు ఆ దారితోనే ముడిపడి ఉన్నది.

దాని మొదటి నివాసి కథ కూడ మన గడ్డపైననే మొదలైనది. ఫెర్నావ్ లోపెజ్ అనే పోర్చుగీసు సైనికుడు గోవాలో తనవారిని విడిచి ప్రతిపక్షంలో చేరినాడు. 1512లో తిరిగి చిక్కినప్పుడు గవర్నరు అల్బుకెర్క్ అతనికి ప్రాణదానం చేసి, ముక్కు, చెవులు, కుడిచేయి, ఎడమచేతి బొటనవ్రేలు తీయించినాడు. కొన్నేళ్ళకు స్వదేశం పోయే ఓడ ఎక్కినవాడు, నీటికోసం ఓడ సెయింట్ హెలీనా వద్ద ఆగినప్పుడు దిగి అడవిలో దాగుకొన్నాడు. ఆ ముఖంతో సొంత ఊరికి పోలేకపోయినాడేమో. అతనికి తోడుగా ఒక కోడిపుంజు ఉండేదని చరిత్రకారులు వ్రాసినారు. మిగిలిన ఆ ఒక్క చేతితో అతడు పండ్లమొక్కలు నాటినాడు, పశువులను పెంచినాడు; వచ్చే ఓడలవారికి అవే ఆహారమైనవి. నడుమ ఒకసారి ఐరోపాకు పోయి వచ్చి, 1545 ప్రాంతంలో అక్కడనే మరణించినాడు.

మచిలీపట్నంలో 1611లో వర్తకశాల తెరచిన ఈస్టిండియా కంపెనీయే, 1639లో చెన్నపట్నాన స్థలం సంపాదించిన ఆ కంపెనీయే, 1659లో ఈ దీవిని ఆక్రమించి కోట కట్టినది. మన తూర్పు తీరపు నేతబట్టలు నింపుకొని ఇంగ్లండుకు మరలిపోయే ఓడలకు అది మజిలీ. యుద్ధకాలంలో ఓడలు అక్కడ కూడుకొని, గుంపుగా సాగిపోయేవి. 1673లో డచ్చివారు దీవిని పట్టుకొన్నారు. కొద్ది మాసాలలోనే ఇంగ్లీషువారు తిరిగి గెలిచినారు. ఆ సంవత్సరాంతంలో రెండవ ఛార్లెస్ రాజు కంపెనీకి ఒక శాసనపత్రం వ్రాసియిచ్చినాడు. అందులో దీవివాసులకు, వారి సంతతికి ఇంగ్లండులో పుట్టినవారితో సమానమైన హక్కులు ఉంటవని మాట ఇచ్చినాడు. శ్రోతలు ఈ మాటను గుర్తుంచుకోవాలని మా మనవి.

కంపెనీ ఏలుబడిలో దీవికి వచ్చిన జనం పలువిధాలు. ఇంగ్లండు నుండి సేద్యానికి వచ్చినవారు, సిపాయిలు; మడగాస్కర్ నుండి, ఆఫ్రికా నుండి, మన దేశం నుండి తెచ్చిన బానిసలు; 1810 తరువాత చీనా కూలీలు. వీరందరూ కలిసిపోయి, ఎవరి మూలం ఏదో విడదీయరాని ఒకే జాతిగా ఏర్పడినారు. తమను తాము ‘సెయింట్లు’ అని పిలుచుకొంటారు. ఇంగ్లీషునే తమ సొంత యాసలో పలుకుతారు. 1792లో కొత్త బానిసలను దింపడం నిషేధించినారు. 1832లో కంపెనీ యజమానులకు పరిహారమిచ్చి ఆరువందలకు పైబడిన బానిసలను విడిపించడానికి పూనుకొన్నది. మరి రెండేళ్ళకు కంపెనీ వెళ్ళిపోయి దీవి రాజు అధీనమైనది. బ్రిటిష్ ప్రభుత్వం ఖర్చు తగ్గించినది. కంపెనీ కొలువులు పోయినవారు కేప్ ప్రాంతానికి వలసపోయినారు.

1840 నుండి బ్రిటిష్ నౌకాదళం అట్లాంటిక్‌లో బానిసల ఓడలను పట్టుకొని ఈ దీవికి తోలుకొనివచ్చేది. మూడు దశాబ్దాలలో సుమారు పాతికవేలమంది ఆఫ్రికన్లను అక్కడ దింపినారు. వారిలో ఎనిమిదివేలమంది వరకు రూపర్ట్స్ వ్యాలీ అనే ఎండు లోయలో మట్టి అయినారు. బ్రతికినవారిలో అనేకులను వెస్టిండీస్‌కు, కేప్‌కు పంపివేసినారు.

1869లో సూయజ్ కాలువ తెరచినారు. మన రేవులనుండి పోయే సరకు ఆ దారి పట్టినది. ఆవిరి ఓడలకు గాలి అక్కర లేకపోయినది. 1855లో ఆ దీవిలో ఆగిన ఓడలు సుమారు 1,100. 1889 నాటికి 288. ఈ రెండు అంకెల నడుమ ఒక ప్రజ జీవనాధారం పోయినది. మనకు మేలు చేసినదని చదువుకొన్న ఆ కాలువ గట్టున నిలిచి ఈ వైపు చూచినవారు తక్కువే. పిమ్మట బోయర్ యుద్ధంలో 1900 నుండి 1902 వరకు దాదాపు ఆరువేలమంది ఖైదీలను అక్కడ ఉంచినప్పుడు దీవి కొంత కోలుకొన్నది. పరుల చెర వల్ల కొట్లు నడవడం చిత్రమే గాని, నెపోలియన్ నాటినుండి ఆ ఊరికి ఆ అనుభవం ఉన్నది.

ఇరువదవ శతాబ్దంలో వారిని నిలిపినది ఒక నారమొక్క. న్యూజిలాండ్ నుండి తెచ్చిన దానిని కొండవాలుల నిండా నాటినారు. 1907లో ప్రభుత్వం నార తీసే మిల్లు తెరచినది. ఆ నారతో పేనిన పురికొసకు పెద్ద కొనుగోలుదారు బ్రిటిష్ తపాలాశాఖ. ఉత్తరాల కట్టలు కట్టడానికి అది పనికివచ్చేది. తపాలాశాఖ కృత్రిమ దారానికి మారినది. 1966లో ఆఖరి మిల్లు మూతబడినది. ఒక ఆఫీసు దారం మార్చుకొంటే సముద్రానికి ఆవల ఒక దేశం ఉద్యోగం పోగొట్టుకొన్నది. మొక్క మాత్రం కొండలను వదలక, అక్కడ తప్ప మరెక్కడా పుట్టని చెట్లను అణచి పెరుగుతూనే ఉన్నది. పోర్చుగీసువారు వదలిన మేకలు అడవిని మునుపే మేసివేసినవి. ఆ దీవికే చెందిన ఒక జాతి ఎబొనీ చెట్టు అంతరించినదనుకొన్నారు. 1980లో ఒక కొండచరియ అంచున రెండు మొక్కలు కనిపించినవి.

ఇక ఆ రాజుగారి మాట. 1981లో బ్రిటన్ చేసిన జాతీయతా చట్టం 1983లో అమలుకు వచ్చినప్పుడు, సెయింట్లకు బ్రిటన్‌లో స్థిరపడి పనిచేసే హక్కు లేకపోయినది. తరతరాలుగా బ్రిటిష్ జెండా తప్ప వేరొకటి ఎరుగనివారు పరాయివారైనారు. వారు తుపాకి పట్టలేదు. పాత కాగితాలు తిరగవేసినారు. 1673 నాటి శాసనపత్రాన్ని ముందుంచి, బిషప్పు నెలకొల్పిన పౌరసత్వ సంఘం ద్వారా పది సంవత్సరాలు అర్జీలు పెట్టినారు. 2002 మే 21వ తేదీన ఆ హక్కు తిరిగి వచ్చినది. దీవిని కనుగొన్నదిగా వారు పండుగ చేసుకొనే దినం కూడ అదే. ఆనాటికి సరిగా ఐదువందల ఏళ్ళు. అయితే హక్కు వచ్చిన వెంటనే పడుచువారు పనికై బ్రిటన్‌కు పోసాగినారు. 2021 జనగణనలో దీవిమీద ఉన్నవారు సుమారు 4,400.

పరిపాలనకు లండన్ నుండి వచ్చే గవర్నరు, పన్నెండుమంది ఎన్నికైన సభ్యుల శాసనసభ ఉన్నారు. 2009 నాటి రాజ్యాంగం అసెన్షన్, ట్రిస్టాన్ డ కూన్హా దీవులను దీనితో సమానంగా చేర్చినది. 2021 నుండి ముఖ్యమంత్రి, మంత్రులు ఏర్పడినారు. సొంత నాణెం ఉన్నది, దాని విలువ బ్రిటిష్ పౌనుతో సమానం. ఎగుమతికి గాలంతో ఒక్కొక్కటిగా పట్టిన ట్యూనా చేప, 1730 ప్రాంతంలో యెమెన్ నుండి తెచ్చిన విత్తనాల కాఫీ ఉన్నవి. కాని ఖజానా నిండేది బ్రిటిష్ సహాయంతోనే. పెద్ద యజమాని ప్రభుత్వమే. అసెన్షన్‌లో, ఫాక్లండ్స్‌లో కొలువు చేసేవారు పంపే సొమ్ము ఎన్నో ఇళ్ళకు ఆధారం.

రేడియో వృత్తిలో ఉన్నవారము కనుక ఒక్క మాట చెప్పక విడువలేము. 1967 క్రిస్మస్ నాడు ఆరంభమైన రేడియో సెయింట్ హెలీనా ఆ చిన్న జనానికి పలికేది. 1990 నుండి కొన్నేళ్ళ పాటు ఏడాదిలో ఒక్క రోజు మాత్రం షార్ట్‌వేవ్‌లో ప్రపంచానికి వినిపించేది. ఆ ఒక్క రాత్రికై దూరదేశాల శ్రోతలు సెట్ల ముందు మేల్కొని ఉండేవారు. 2012 క్రిస్మస్ నాడు ఆ కేంద్రం మూగబోయినది.

దీవికి రాకపోకలు చాలాకాలం ఒకే ఓడమీద జరిగినవి. కేప్‌టౌన్ నుండి ఐదు రాత్రుల ప్రయాణం. ఆ ఓడ 2018 ఫిబ్రవరిలో చివరిసారి బయలుదేరినది. దానికి బదులుగా 28 కోట్ల 50 లక్షల పౌన్లతో, నూరు మీటర్ల లోతు లోయను పూడ్చి విమానాశ్రయం కట్టినారు. 2016లో పరీక్షగా దిగిన విమానాన్ని గాలులు ఊపివేయగా ప్రారంభోత్సవం ఆగిపోయినది, లండన్ పత్రికలు ఎగతాళి చేసినవి. 2017 అక్టోబరు 14న వేళాపట్టిక ప్రకారం నడిచే మొదటి ప్రయాణికుల విమానం జోహానెస్‌బర్గ్ నుండి వచ్చి దిగినది.

ఆ విమానాశ్రయానికి దారి వేయడానికై 2008లో రూపర్ట్స్ వ్యాలీలో నేల త్రవ్వినప్పుడు బానిస ఓడల నుండి దింపిన ఆ మనుష్యుల అస్థికలు బయటపడినవి. 325 మందివి. వారిలో చాలమంది పిల్లలు, పడుచువారు. పేర్లు తెలియవు. జేమ్స్‌టౌన్‌లో ఒక గిడ్డంగిలో పెట్టెలలో భద్రపరచినారు. ఎక్కడ పూడ్చాలనే చర్చ ఏళ్ళ తరబడి సాగినది. 2022 ఆగస్టులో దీవి ప్రజలు ఆ పెట్టెలను తిరిగి అదే లోయకు తీసుకొనిపోయి సమాధి చేసినారు.