ఆ అంకె దేన్ని కొలుస్తుంది?

ఫ్యాక్టరీ సైరన్ విని బడికి వేళయిందని తెలుసుకున్న తరం మాది. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో నాన్నలు షిఫ్టు ఎక్కే వేళకు మేము ప్రార్థనకు నిలబడేవాళ్లం. 1986లో, పదో తరగతిలో ఉండగా, ఒక స్కాలర్‌షిప్ పరీక్ష రాశాం. అందులో 'మెంటల్ ఎబిలిటీ' అని ఒక పేపరు. వరుసలో తర్వాత వచ్చే బొమ్మ ఏది, అంకె ఏది అని ప్రశ్నలు. నాకు మంచి మార్కులు వచ్చాయి. నా బెంచీ మిత్రుడికి బాగా తక్కువ వచ్చాయి. ఆ రోజు నుంచి నేను తెలివిగలవాణ్ణి, అతను మొద్దు. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ 'మొద్దు' అప్పటికే వాళ్ల నాన్న మోటారు వైండింగ్ దుకాణంలో, తిరుగుతున్న మోటారు మీద చెయ్యి పెట్టి బేరింగు పోయిందో లేదో చెప్పేవాడు.

ఇలాంటి పేపర్లు ఎక్కడ పుట్టాయో చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఎందుకు చదివానో చివర చెప్తాను.

1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం, బడిలో వెనకబడుతున్న పిల్లలకు ఏం చేయాలో చూడమని ఒక సంఘం వేసింది. అందులో సభ్యుడు ఆల్ఫ్రెడ్ బినే. ఆయన, థియోడోర్ సిమోన్ కలిసి 1905లో 30 చిన్న పరీక్షలతో ఒక కొలబద్ద తయారు చేశారు. ఎవరికి ఎక్కువ సాయం కావాలో తెలుసుకోవడమే బినే ఉద్దేశం. తెలివి పుట్టుకతో ఎంత వస్తే అంతేననే వాదాన్ని 1909లో రాసిన పుస్తకంలో గట్టిగా ఖండించాడు. 1911లో ఆయన చనిపోయాడు.

మరుసటి ఏడే జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని 100తో హెచ్చించి ప్రచారంలోకి తెచ్చాడు. అదే మన టీచర్ ట్రైనింగ్ పుస్తకాల్లోని ప్రజ్ఞాలబ్ధి, ఐక్యూ. పదేళ్ల పిల్లవాడు పన్నెండేళ్ల స్థాయి చూపిస్తే 120. సాయం చేయడానికి పుట్టిన కొలత మనుషుల మీద ముద్ర వేయడానికి పనికొచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం సుమారు 17 లక్షల మందికి ఇలాంటి పరీక్షలు పెట్టింది. ఇంగ్లీషు చదవలేనివాళ్లకు బొమ్మల పేపరు. నెట్ లేని టెన్నిస్ కోర్టు చూపి, లోపమేమిటో గీయమన్నారు. ఎన్నడూ టెన్నిస్ చూడని వలస కూలీకి తెలిసేదెలా?

1921లో టెర్మన్ మేధావి పిల్లల్ని ఏరడం మొదలుపెట్టాడు. ఆ ఏరివేతలో స్కోరు అందక మిగిలిపోయినవాళ్లలో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. ట్రాన్సిస్టర్ పనికి షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కు 1968లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఎంపికైన సుమారు పదిహేను వందల మందిలో ఒక్కరికీ రాలేదు.

మన దేశంలో సి.ఎం. భాటియా 1955 నాటికి, చదువు రానివాళ్లకూ పనికొచ్చేలా దిమ్మెలతో, బొమ్మ ముక్కలతో పరీక్షలు రూపొందించారు. మంచి అడుగే. కానీ మన చింతకింది మల్లేశం గారి తెలివిని ఏ పేపరు పట్టుకుంటుంది? ఆరో తరగతితో బడి మానిన ఆయన, చీర కోసం వేలసార్లు చెయ్యి తిప్పి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ ప్రశ్న ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే వేసుకున్నారు.

ఐక్యూ పరీక్ష వట్టిదని నేననను. బడి చదువులో ఎవరు రాణిస్తారో కొంతవరకు చెబుతుంది. రాక్‌వెల్ మిషన్ ఇనుము గట్టితనాన్ని సరిగ్గానే కొలుస్తుంది. ఆ అంకె చూసి, దెబ్బ తగిలితే ముక్క విరగదని హామీ ఇచ్చే ఇంజనీరు మాత్రం ఉండడు.

ఇదంతా నాతో చదివించింది నా పొరపాటే. పన్నెండేళ్ల కిందట మా ఫ్యాక్టరీలో ట్రైనీ ఎలక్ట్రీషియన్ల ఎంపికకు అలాంటి పేపరే నేను తయారు చేశాను. నా మిత్రుడి దుకాణంలో పని నేర్చిన కుర్రాడు మూడు మార్కుల్లో పోయాడు. మిత్రుడు నన్నేమీ అడగలేదు. ఒక పెళ్లిలో కలిసినప్పుడు మాత్రం, "పేపరు మంచిగనే ఉన్నదంట. వానికి ఒక్క మోటరు చూపెడితే అయిపోవు గదరా" అన్నాడు. మరుసటిసారి నుంచి పేపరుతో పాటు కాలిన మోటారు కూడా ముందు పెట్టాం. ఆ కుర్రాడికి అప్పటికే వయసు దాటింది.

మిత్రులారా, ఈ స్వర్ణోత్సవాన మార్కులకు ఇచ్చే బహుమతుల పక్కన చేతిపనికీ ఒకటి పెడదాం. మొదటిది ఇవ్వడానికి నా బెంచీ మిత్రుణ్ణి వేదిక మీదికి పిలుద్దాం. పదో తరగతిలో అన్న మాటకు నేను అతనికి ఇంకా బాకీ.