పాటల కంపెనీ అధికారి: పడమటి మండలాల వైపు నుంచి ఒక చరిత్ర

ఏ పాట తీసుకోవాలి, ఎవరిచేత పాడించాలి, దాని హక్కు ఎంతకు కొనాలి, ఎన్ని కాపీలు వేయించాలి అన్నవి తేల్చేవాడు పాటల కంపెనీ అధికారి. ఒకప్పుడు ఆయన జీతగాడు, మరొకప్పుడు కంపెనీ యజమాని, కొన్నిసార్లు రెండూ కాని పెద్దమనిషి. రికార్డు మీద గాయకుడి పేరు ఉంటుంది, కంపెనీ గుర్తు ఉంటుంది. ఈయన పేరు మాత్రం సాధారణంగా కనపడదు. తెలుగులో ఈ వృత్తి మద్రాసులో మొదలై, బెంగళూరులో వ్యాపారం నేర్చి, హైదరాబాదులో స్థిరపడింది. చిత్తూరు సీమలో పడమటి మండలాలని పిలిచే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం ఈ దారిలోనే ఉంది. కుప్పానికి ఒక పక్క కర్ణాటక, మరో పక్క తమిళనాడు. ఇక్కడి చెవులకు మూడు భాషల పాటలూ అలవాటే.

మద్రాసు రోజులు

మన దేశంలో వ్యాపార స్థాయి రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ చేత పాడించాడు. అప్పట్లో రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి. ఏ పళ్లెం ఎవరిదో అక్కడి పనివాళ్లకు తెలియాలని, పాట చివర గాయకులు తమ పేరు తామే చెప్పుకునేవారు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చాక పని ఇక్కడే సాగింది.

ఆనాటి అధికారికి ఉన్న పెద్ద చిక్కు కాలం. లక్కతో చేసిన 78 వేగపు రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. రాత్రంతా సాగే నాటకంలోంచి ఏ పద్యం తీయాలి, ఆలాపన ఎంత ఉంచాలి, హార్మోనియం ఎక్కడ ఆగాలి అన్నది గడియారం చూసి చెప్పాల్సింది ఈయనే. పాడేది మైనం పలక మీద నేరుగా చెక్కుకుపోతుంది. మధ్యలో ఎవరైనా దగ్గితే ఆ పలక పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే. స్థానం నరసింహారావు వంటి రంగస్థల నటుల గొంతులు మనదాకా వచ్చాయంటే ఈ మూడు నిమిషాల కత్తిరింపు పుణ్యమే. ఆ కత్తిరింపులో పోయింది ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

పుంగనూరులో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై (1898–1975) ఈ కాలపు మనిషి. కాంచీపురం నాయనా పిళ్లై శిష్యుడు, మదురై సోముకు గురువు, 1954లో సంగీత కళానిధి. కచేరీల్లో ఆయన పేరు లయ పాండిత్యానికి, పల్లవులకు. కచేరీకి రాని జనానికి మాత్రం ‘మధురానగరిలో’ పాట రికార్డు వల్ల తెలుసు. విద్వాంసుడు దేనితో గొప్పవాడో, కంపెనీకి ఆయన దేనితో పనికొస్తాడో రెండూ ఒకటి కానక్కరలేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకదు.

మదనపల్లెకు సంగీత చరిత్రలో ఉన్న పెద్ద పేరు మాత్రం రికార్డు కంపెనీతో వచ్చింది కాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని వరుసకు స్వరలిపి రాశారు. అక్కడ ఆ వరుస కాగితం మీద నిలిచింది, పళ్లెం మీద కాదు.

1930ల్లో మద్రాసులో ఈ వృత్తి రెండు రకాలుగా చీలింది. మొదటి రకం వర్తకుడు. ఎ.వి. మెయ్యప్పన్ భాగస్వాములతో కలిసి సరస్వతి స్టోర్స్ పెట్టి, జర్మనీ కంపెనీ ఓడియన్ రికార్డులు దక్షిణాదిలో అమ్మారు. నాటకాల రికార్డులతో వచ్చిన అనుభవంతోనే 1935లో ‘అల్లి అర్జున’తో సినిమా నిర్మాణంలోకి దిగారు. తెలుగువాళ్లకు తెలిసిన ఏవీఎం పునాదిలో రికార్డుల దుకాణం ఉందన్నమాట.

రెండో రకం గొంతు వెతికే ఉద్యోగి. తెలుగులో దీనికి మొదట చెప్పుకోవాల్సిన పేరు పేకేటి శివరాం (1918–2006). ‘దేవదాసు’ (1953)లో భగవాన్‌గా, తర్వాత కన్నడంలో ‘చక్రతీర్థ’, ‘దారి తప్పిద మగ’ చిత్రాల దర్శకుడిగా తెలిసిన ఆయన అంతకుముందు, 1940ల్లో, గ్రామఫోన్ కంపెనీకి చెందిన మద్రాసు హెచ్.ఎం.వి.లో పనిచేశారు. ఘంటసాల చేత తొలినాళ్ల ప్రైవేటు రికార్డు పాడించిన ఘనత ఆయనదే. అంతకుముందు అదే కంపెనీలో జరిగిన స్వర పరీక్షలో ఘంటసాల నెగ్గలేదని ఆయన జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. అదే గొంతు, అదే కంపెనీ, కుర్చీలో మనిషి వేరు. ఈ ఉద్యోగానికి చదివే డిగ్రీ ఏదీ లేదు. పేకేటికి ఉన్న అర్హత నాటకం, సినిమా రెండూ తెలిసిన చెవి.

కొండ కింద

కంపెనీలో కుర్చీ లేకుండానే ఈ పని చేసినవాళ్లూ ఉన్నారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ సుప్రభాతం ఎల్పీని హెచ్.ఎం.వి. 1963లో విడుదల చేసింది. దాని రాయల్టీ ఆమె తిరుమల తిరుపతి దేవస్థానం వేదపాఠశాలకు ఇచ్చారు. 1970ల చివర దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న ఐ.ఎ.ఎస్. అధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ ఆమె చేత అన్నమయ్య సంకీర్తనలు పాడించే పని తలపెట్టారు. అప్పటికి సుబ్బులక్ష్మి, సదాశివం దంపతులు డబ్బుకు ఇబ్బంది పడుతున్నారు. సాయమంటే పుచ్చుకునే మనుషులు కారు, పాడమంటే పాడతారు. అలా ‘బాలాజీ పంచరత్నమాల’ అయిదు రికార్డులుగా హెచ్.ఎం.వి. నుంచి వచ్చింది. ఎనభైల్లో చిత్తూరు జిల్లాలో తెల్లవారుజామున గుడి మైకులో వినిపించిన గొంతు చాలాచోట్ల ఇదే. గాయనిని ఎంచడం, సాహిత్యం ఎంచడం, డబ్బు ఏర్పాటు, పంపిణీకి కంపెనీని ఒప్పించడం: పాటల కంపెనీ అధికారి చేసే నాలుగు పనులూ ప్రసాద్ చేశారు. తర్వాత దేవస్థానమే శ్రీవేంకటేశ్వర రికార్డింగ్ ప్రాజెక్టు పెట్టుకుంది.

క్యాసెట్టు

క్యాసెట్టుతో పెద్ద ఫ్యాక్టరీ అవసరం పోయింది, హెచ్.ఎం.వి. గుత్తాధిపత్యమూ పోయింది. ఉత్తరాదిలో టీ-సిరీస్ గుల్షన్ కుమార్ నడిపిన క్యాసెట్ల వ్యాపారాన్ని దక్షిణాదిలో బెంగళూరు కంపెనీలు అందుకున్నాయి. జి. మనోహర్ నాయుడు పెట్టిన లహరి వాటిలో ముఖ్యమైనది. 1987లో హంసలేఖ సంగీతం చేసిన కన్నడ చిత్రం ‘ప్రేమలోక’ పాటలతో దాని దశ తిరిగింది. తెలుగు, తమిళ సినిమాలకూ విస్తరించింది. ఈ తరం అధికారి గొంతు వెతకలేదు. నిర్మాత గదిలో కూర్చుని, ట్యూన్లు విని, ఏకమొత్తానికి మ్యూజిక్ రైట్స్ కొన్నాడు. లాభం వస్తే తనది, పోతే తనది. జూదానికి దగ్గరి వ్యాపారమే.

మదనపల్లె, కుప్పం వంటి ఊళ్లలో ఈ అధికారికి ఎదురు నిలిచినవాడు రికార్డింగ్ షాపు యజమాని. కాగితం మీద పన్నెండు పాటల పేర్లు రాసిచ్చి ఖాళీ క్యాసెట్టు ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవాడు. ‘ఏ’ వైపు ఇళయరాజా, ‘బి’ వైపు హంసలేఖ, చివర్లో మిగిలిన జాగాలో సగం పాట. చట్టం దృష్టిలో అది చోరీ. బెంగళూరు కంపెనీలకు మాత్రం ఏ పాట ఏ ఊళ్లో నడుస్తోందో చెప్పగలిగినవాడూ వాడే. ఇప్పటి గణాంకాల తెరలు చేసే పని ఆ చీటీలు చేసేవి.

1990ల్లో హైదరాబాదులో ఉమేష్ గుప్తా నడిపిన ఆదిత్య మ్యూజిక్ కంపెనీతో తెలుగు పాటల వ్యాపారం మద్రాసు, బెంగళూరు మీద ఆధారపడటం తగ్గింది. సినిమాకు ముందు ఆడియో ఫంక్షన్ పెట్టి క్యాసెట్టును తారల చేత విడుదల చేయించడం ఈ కాలంలోనే పండగలా మారింది. ఆ వరుసలో పెద్దది ‘బాహుబలి’ వేడుక: 2015 జూన్ 13న తిరుపతిలో జరిగింది. ఆ పాటల హక్కులు లహరి మూడు కోట్లకు కొన్నట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. క్యాసెట్టు అప్పటికే పోయింది, సీడీ పోతోంది. మూడు కోట్లు పెట్టింది వస్తువు మీద కాదు, హక్కు మీద.

హక్కుల లెక్క

అందుకే ఇప్పటి అధికారి సగం లాయరు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, పాట హక్కును నిర్మాతకో కంపెనీకో రాసిచ్చినా, గీత రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వాటా పోదు. వదులుకున్నామని సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. పాత ఒప్పందాల ధోరణికి అలవాటుపడిన కంపెనీలు దీన్ని సంతోషంగా ఏమీ ఒప్పుకోలేదు. ఇక రికార్డింగు మీద కంపెనీ హక్కు, అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1963 నాటి సుప్రభాతం రికార్డింగు హక్కు 2023 చివరికే ముగిసింది. 2000లో సరిగమగా పేరు మార్చుకున్న హెచ్.ఎం.వి. వారసులు 2017లో పాత పాటలు నింపిన కార్వాన్ పెట్టెను తెచ్చారు. పాత సరుకు హక్కులో ఉండగానే దాని సొమ్ము చేసుకునే తెలివి ఇందులో ఉంది.

పడమటి మండలాల్లో ఈ లెక్క ఇంకో చోట తేలాల్సి ఉంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర. అలాంటి జాతరల్లో, పండరి భజనల్లో, కోలాటాల్లో తరతరాలుగా వస్తున్న పాటలు ఎవరి సొత్తూ కావు. వాటిని రికార్డు చేసిన కంపెనీకి తన రికార్డింగు మీద మాత్రమే హక్కు, పాట మీద కాదు. యూట్యూబ్‌లో ధ్వనిని పోల్చి చూసే యంత్రానికి ఈ తేడా అన్నిసార్లూ పట్టదు. ఊళ్లో పాడుకున్న కోలాటం పాటకు ఎక్కడో కంపెనీ నుంచి అభ్యంతరం రావచ్చు. అప్పుడు ఆ ఫిర్యాదు చేరేది కంపెనీ ఆఫీసులోని ఈ అధికారి దగ్గరికే. రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టి విని, అభ్యంతరం ఉంచాలో వెనక్కి తీసుకోవాలో ఆయనే చెప్పాలి.